కారులో పెట్రోలు వాసన వస్తోందా? ఎక్కడి నుంచో కనిపెట్టి బాగు చేయించుకోవడం ఎలా

కిందటి ఏడాది మే నెలలో ఒక మధ్యాహ్నం మా కారు డోరు తీయగానే పెట్రోలు వాసన గుప్పుమంది. ఎండలో పెట్టిన బండి కదా, మామూలే అనుకుని అద్దాలు దించుకుని బయల్దేరాను. విజయవాడ బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగేసరికి వెనక సీట్లో ఉన్న మా అమ్మాయి "నాన్నా, తల తిరుగుతోంది" అంది. అప్పుడు నాకు భయం వేసింది. బండిని రోడ్డు పక్కకు తీసి ఆపేసి, అమ్మాయిని ఆటోలో ఇంటికి పంపి, ఆటోనగర్‌లో నాకు తెలిసిన మేస్త్రీకి ఫోన్ చేశాను. ఆయన వచ్చాక బానెట్ తెరవలేదు. ముందు ఒకటే అడిగారు: "ఎప్పుడెప్పుడు వస్తుందండీ ఈ వాసన? పొద్దున బండి తీసేటప్పుడా, బంకు నుంచి వచ్చాకా, ఎండలో పెట్టాకా?"

పొద్దునే ఫుల్ ట్యాంక్ కొట్టించానని చెప్పాను. ఆయన నేరుగా వెనక సీటు లేపారు. పది నిమిషాల్లో లోపం దొరికింది. వాసన ఎప్పుడు వస్తోంది, ఎక్కడ ఎక్కువగా ఉంది అన్న రెండు సంగతులు సరిగ్గా చెప్పగలిగితే సగం రిపేరు అయిపోయినట్టేనని ఆ రోజు అర్థమైంది. ఆ రెండూ మీరే ఎలా కనిపెట్టాలో, తర్వాత ఏం చేయించాలో చెప్తాను.

అన్నిటికన్నా ముందు

పెట్రోలు సున్నాకు దిగువ 40 డిగ్రీల చలిలో కూడా నిప్పురవ్వ తగిలితే అంటుకునేంత ఆవిరిని వదులుతుంది. ఇక మన విజయవాడ ఎండలో చెప్పేదేముంది? ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేలను పట్టుకుని పాకుతుంది, పల్లంలో నిలుస్తుంది.

అందుకే నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం అపార్ట్‌మెంట్ సెల్లార్లంటే. కార్లు, బైకులు అక్కడే. మంచినీళ్ల మోటారు స్టార్టర్, కరెంటు మీటర్లు, చాలాచోట్ల జనరేటర్ కూడా అక్కడే. స్టార్టర్ బటన్ నొక్కగానే లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది. సెల్లార్‌లో మీ కారు దగ్గర వాసన గట్టిగా ఉంటే తాళం తిప్పకండి. వాచ్‌మన్‌కు చెప్పి మోటారు వేయనివ్వకండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, నలుగురు కలిసి బండిని ఆరుబయటకు తోయండి. ర్యాంపు ఎక్కించలేకపోతే సెల్లార్ తలుపులు తెరిచి గాలి ఆడనిచ్చి, అందరినీ దూరంగా పంపి, ఫైర్ వాళ్లకు 101 కొట్టండి. అనవసరంగా పిలిచామేమో అన్న మొహమాటం వద్దు.

రోడ్డు మీద ఉండగా వాసన ఒక్కసారిగా పెరిగితే పక్కకు తీసి ఇంజన్ ఆపండి. అందరూ దిగి దూరంగా నిలబడండి. కింద చుక్కలు పడుతున్నా, తడి కనిపించినా మళ్లీ స్టార్ట్ చేయొద్దు, టోయింగ్ బండే పిలిపించుకోండి. వారధి మీదో, కాజ టోల్‌గేట్ దాటాకో జరిగితే "ఇంకెంత దూరం, ఇంటికి వెళ్లిపోదాం" అనిపిస్తుంది. వెళ్లకండి. బానెట్ సందుల్లోంచి పొగ వస్తుంటే బానెట్ పూర్తిగా ఎత్తొద్దు, గాలి తగిలి మంట లేస్తుంది. పెట్రోలు మంట మీద నీళ్లు పోయకూడదు, మంటలార్పే పౌడర్ సిలిండర్ వాడాలి. కారులో కిలో సిలిండర్ ఒకటి, డ్రైవర్ చేతికి అందేలా ఉంచుకోండి. డిక్కీలో సామాన్ల కింద ఉంటే అవసరానికి దొరకదు.

అది మీ కారు వాసనేనా?

నవ్వకండి, చాలాసార్లు కాదు. పక్కన పెట్టిన పాత బైకు కార్బురేటర్ కారుతుండొచ్చు. బంకులో నాజిల్ తీసేటప్పుడు చెప్పు మీద పడిన నాలుగు చుక్కలు మ్యాట్‌కు అంటి రెండు రోజులు వాసన కొట్టొచ్చు. డిక్కీలో ఎప్పుడో పెట్టి మరిచిపోయిన పెట్రోలు బాటిల్ ఉండొచ్చు.

గుంటూరు వైపు ఇంకొక కారణం ఉంది. మా బాబాయి మిర్చి రైతు. పురుగుమందు డబ్బాలు పట్నం బజారులో కొని కారు డిక్కీలోనే వేసుకుని ఊరికి తీసుకెళ్తాడు. చాలా మందులను పెట్రోలియం ద్రావకాల్లో కలిపి తయారుచేస్తారు కాబట్టి ఒక మూత వదులై కారితే అచ్చం పెట్రోలు, కిరోసిన్ కలిసిన వాసన వస్తుంది. ఒకసారి ఆ వాసన పట్టుకుని మేస్త్రీ రెండు రోజులు ట్యాంకు చుట్టూ తిరిగాడు. చివరికి స్టెప్నీ గుంతలో కార్పెట్ ఎత్తితే పచ్చటి మరక కనిపించింది. పురుగుమందైతే పెట్రోలు కంటే ప్రమాదం, ఒంటికి తగిలినా మంచిది కాదు. చేతులకు తొడుగులు వేసుకుని ఆ కార్పెట్ తీసేయండి, పిల్లల్ని ఆ బండి ఎక్కించొద్దు.

ఇంకొక మాట. మన ముక్కు కొన్ని నిమిషాల్లోనే వాసనకు అలవాటు పడిపోతుంది. "ఇప్పుడు తగ్గింది" అని మీకు అనిపించినా నిజంగా తగ్గి ఉండకపోవచ్చు. బయట పది నిమిషాలు తిరిగి రండి, లేదా ఇంకొకరిని పిలిచి చూడమనండి.

ఎప్పుడు వస్తోందో రాసుకోండి

కింద కారనంత వరకే ఇది. మూడు నాలుగు రోజులు, వాసన వచ్చిన ప్రతిసారీ ఫోన్‌లో ఒక లైను రాసుకోండి: టైము, ట్యాంకులో ఎంత ఉంది, బండి ఎండలో ఉందా నీడలో ఉందా, ఏసీ వేశారా, వాసన ముందు ఎక్కువా వెనక ఎక్కువా. ఆ రాతల్ని ఇలా చదవాలి.

ఫుల్ ట్యాంక్ ఉన్నప్పుడే వచ్చి, సగానికి దిగాక పోతే లోపం ట్యాంకు పై భాగంలో ఉంటుంది. మూత, పెట్రోలు పోసే గొట్టం, ట్యాంకులోని పెట్రోలు పంపు కింది రబ్బరు రింగు, ఆవిరి పైపులు చూడాలి. నాది ఈ రకమే.

పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు రెండు నిమిషాలు వచ్చి పోతే ఇంజన్ వైపు రబ్బరు రింగులు గట్టిపడి ఉండొచ్చు. చల్లగా ఉన్నప్పుడు ముడుచుకుని కాస్త కారతాయి, వేడెక్కాక ఉబ్బి మూసుకుంటాయి. తగ్గిపోతోంది కదా అని చాలామంది దీన్ని వదిలేస్తారు, అది పొరపాటు.

దూరం తిరిగొచ్చి బండి ఆపాక, పది పదిహేను నిమిషాలకు బానెట్ దగ్గర వస్తే పైపులోనో, ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ దగ్గరో సన్నటి లీకు. ఇంజన్ ఆగినా ఆ లైనులో ప్రెషర్ కొంతసేపు నిలిచే ఉంటుంది.

ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రమే వస్తే ముందు ఏసీని లోపలి గాలి మోడ్‌లోకి మార్చి చూడండి. పోయిందంటే అది ముందున్న బండి పొగ కావచ్చు, మీ బానెట్ కింది ఆవిరీ కావచ్చు. రోడ్డు ఖాళీగా ఉన్నచోట మళ్లీ బయటి గాలి పెట్టి చూస్తే తేలుతుంది.

చుక్క కారుతోందో లేదో చూడటానికి పాత అట్టపెట్టె విప్పి రాత్రి కారు కింద పరవండి. మన ఎండలకు గచ్చు మీద పడిన పెట్రోలు చూస్తుండగానే ఆరిపోతుంది, అట్ట మీద మాత్రం మరక అంచు మిగులుతుంది, వాసన కూడా పట్టి ఉంటుంది. ఏసీ నీళ్లయితే ఏ వాసనా ఉండదు. మరక ఏ టైరు దగ్గర పడిందో పెన్నుతో గుర్తు పెట్టి, ఫోటో తీసి ఉంచండి.

మూత, బంకులో మన అలవాటు

చూడటం మూతతో మొదలుపెట్టండి. టక్ టక్ మని శబ్దం వచ్చేదాకా తిప్పి బిగించారా? మూత లోపలి నల్ల రబ్బరు రింగును వేలితో ఒకసారి తడమండి. మెత్తగా, జారుగా ఉండాలి. గోరు తగిలితే పెళుసుగా అనిపించినా, పగుళ్లు కనిపించినా మూతే మార్చండి. మీ మోడల్‌కు సరిపడే మూతే కొనండి. చూడటానికి ఒకేలా ఉన్నా లోపలి గాలి వాల్వ్ వేరుగా ఉంటుంది.

ఇక బంకులో చేసే పొరపాటు. నాజిల్ టక్కుమని ఆగాక కూడా "రౌండ్ ఫిగర్ చేసేయండి" అంటాం, లేదా "ఇంకొంచెం పడుతుందిలే" అని బంకు కుర్రాడే నాజిల్ ఎత్తి పట్టి పోస్తాడు. ట్యాంకు పైన కొంత ఖాళీ కావాలనే వదిలారు. భూమి లోపలి ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలు చల్లగా ఉంటుంది. 40 లీటర్ల పెట్రోలు 15 డిగ్రీలు వేడెక్కితే సుమారు అర లీటరు పెరుగుతుంది. బండి తెచ్చి ఎండలో పెడితే ఆ అర లీటరు ఎక్కడికి పోవాలి?

అది పోయేది బొగ్గు డబ్బాలోకి. మేస్త్రీలు చార్‌కోల్ క్యానిస్టర్ అంటారు. ట్యాంకులో పుట్టే ఆవిరి బయటకు పోకుండా ఆ డబ్బాలోని బొగ్గు పీల్చుకుంటుంది. ఇంజన్ నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఆ ఆవిరిని ఇంజన్‌లోకి లాగి కాల్చేస్తుంది. బొగ్గు ఆవిరిని పీలుస్తుంది గానీ పెట్రోలును కాదు. పెట్రోలులో నానిందంటే ఇక దాని పని అయిపోయినట్టే. అప్పటి నుంచి ఎండలో పెట్టిన ప్రతిసారీ వాసన వస్తుంది. నానిన క్యానిస్టర్‌ను ఎండబెట్టో, గాలి కొట్టో బాగుచేస్తామంటే ఒప్పుకోకండి, కొత్తది వేయించుకోవాల్సిందే.

పర్జ్ వాల్వ్ తెరిచే ఉండిపోతే ఇంకో గుర్తు ఉంటుంది. పెట్రోలు పోయించిన వెంటనే బండి ఒక పట్టాన స్టార్ట్ కాదు, స్టార్ట్ అయినా ఇంజన్ వణుకుతుంది. బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెడితే పి 0441, పి 0443 లాంటి కోడ్లు రావచ్చు. అయితే చెక్ ఇంజన్ లైటు వెలగలేదు కాబట్టి లీకు లేదనుకోవద్దు. పైపులోంచి బొట్లు కారుతున్నా ఆ లైటు వెలగకపోవచ్చు.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్ వైపు ఎన్నో కార్లు మునిగాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు మూత తీసిన ప్రతిసారీ గట్టిగా బుస్సుమంటూ వాసన వస్తుంటే క్యానిస్టర్‌కు గాలి వెళ్లే పైపులో బురద పేరుకుందేమో విప్పించి చూడండి.

వెనక సీటు కింద

చాలా చిన్న కార్లలో పెట్రోలు పంపు వెనక సీటు కిందే ఉంటుంది. సీటు లేపితే ఒక రేకు మూత కనిపిస్తుంది. మా బండిలో ఆ మూత తీయగానే కనిపించిన దృశ్యం నాకింకా కళ్లముందే ఉంది. పంపు చుట్టూ దుమ్ము పొడిపొడిగా ఉంది, ఒక మూల మాత్రం అరచేయంత మేర తడిసి నల్లగా పేస్టులా అతుక్కుంది. పంపు కింది రబ్బరు రింగు తొమ్మిదేళ్లకు గట్టిపడిపోయింది. ఫుల్ ట్యాంక్ కొట్టించినప్పుడల్లా బండి మలుపు తిరగ్గానే పెట్రోలు పైకి ఎగసి ఆ సందులోంచి బయటకు వస్తోంది. దాని పైనే మా అమ్మాయి కూర్చునేది.

రింగు ఖరీదు కొన్ని వందలు. పంపు విప్పిన ప్రతిసారీ కొత్త రింగు వేయాలి, పాతదాన్నే మళ్లీ బిగించకూడదు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలో రబ్బరు భాగాలు దానికి తట్టుకునేలా చేశారు. అంతకు ముందు కార్లు ఉన్నవాళ్లు ఏటా ఒకసారి ఈ రింగులు, పైపులు చూపించుకోవడం మంచిది.

మూత ఎత్తి చూడటం వరకే మీ పని. పంపు విప్పడం మాత్రం మేస్త్రీకి వదిలేయండి.

బానెట్ కింద

ఇంజన్ ఆపి, బాగా చల్లారాక టార్చి వేసి చూడండి. పైపులు కలిసే చోట్ల తడి, శుభ్రంగా కడిగినట్టున్న మచ్చ, ఉబ్బిన రబ్బరు, పగుళ్లు ఉన్నాయేమో వెతకండి. చేత్తో తడిమి లీకు వెతకొద్దు. పెట్రోలు లైనులో మామూలుగా 3, 4 బార్ ప్రెషర్ ఉంటుంది. డీజిల్ బండిలో ఇంజెక్టర్లకు ఇంధనం పంపే కామన్ రైల్‌లో అది వెయ్యి బార్ దాటుతుంది, కంటికి కనిపించనంత సన్నటి చిమ్ము కూడా చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

ఇటీవలే సర్వీసింగ్ అయి, ఆ తర్వాతే వాసన మొదలైందా? అయితే వాళ్లు ముట్టుకున్న చోటే చూడాలి. ఫిల్టర్ మార్చాక క్లిప్పు పూర్తిగా కూర్చోకపోవడం, ఇంజెక్టర్ కడిగాక పాత ఓ-రింగే (గుండ్రటి రబ్బరు రింగు) వేయడం తరచూ జరుగుతుంది.

ఏ సర్వీసింగూ లేకుండా ఉన్నట్టుండి వస్తే ఎలుకను అనుమానించండి. మా సెల్లార్‌లో కింది ఫ్లోర్ వాళ్ల కారు వారం రోజులు కదల్లేదు. తీసిన రోజు బానెట్ కింద వెచ్చటి మూలలో కొబ్బరి పీచు, పాలిథిన్ ముక్కలతో గూడు ఉంది. పక్కనే పెట్రోలు పైపు మీద రెండు పళ్ల గాట్లు కత్తితో గీసినట్టు ఉన్నాయి. ఎలుక కొరికిన పైపుకు టేపు చుట్టించడం, ఎంసీల్ పెట్టించడం, నీళ్ల పైపు ముక్క వేయించడం చాలా ప్రమాదం. పెట్రోలుకు అవన్నీ కరిగిపోతాయి లేదా ఊడిపోతాయి. ఇంజెక్షన్ కార్లకు ప్రెషర్ తట్టుకునే పెట్రోలు పైపే వేయాలి, క్లాంపులు కూడా కొత్తవే.

పొగగొట్టం నుంచి వస్తే

వాసన సైలెన్సర్ నుంచి వస్తుంటే అది లీకు కాదు, పెట్రోలు సరిగ్గా కాలడం లేదు. స్పార్క్ ప్లగ్, ఇగ్నిషన్ కాయిల్, ఆక్సిజన్ సెన్సార్ చూపించాలి. స్కానర్‌లో పి 0172 కానీ పి 0300 కానీ వస్తే దారి ఇదే. ఆలస్యం చేస్తే కాలని పెట్రోలు వెళ్లి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది, దాని ఖర్చు చాలా ఎక్కువ. ఆయిల్ గేజి కడ్డీ తీసి వాసన చూడండి. ఆయిల్‌లో పెట్రోలు వాసన వస్తున్నా, పోసినదానికంటే లెవెల్ పెరిగినా ఇంజెక్టర్ కారుతుండొచ్చు. కారణం సరిచేశాక ఆయిల్ కూడా మార్చాలి.

డీజిల్ బండి అయితే ముందు ఇంజెక్టర్ల మీది మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపే సన్నటి రిటర్న్ పైపులు చూడండి, ఎక్కువగా కారేవి అవే. సీఎన్‌జీ సంగతి పూర్తిగా వేరు. ఆ గ్యాసు గాలి కంటే తేలిక, పైకి పోతుంది, కుళ్లిన గుడ్ల లాంటి వాసన కలుపుతారు. వాసన తగలగానే బండి ఆపి, సిలిండర్ దగ్గరి వాల్వ్ చేత్తో మూసేసి, గ్యాసు కిట్ వాళ్లనే పిలవండి. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) చేయించారో లేదో పలక మీది తేదీ చూడండి.

మేస్త్రీ దగ్గర

మీరు రాసుకున్నదంతా చదివి వినిపించండి, అట్ట ఫోటో చూపించండి. "వాసన వస్తోంది, చూడండి" అని తాళం ఇచ్చి వచ్చేస్తే ఆయన ఊహించి ఒక్కొక్కటే మారుస్తూ పోతాడు, డబ్బులు మీవి.

పైపు విప్పే ముందు పంపు ఫ్యూజు తీసి లైనులో ప్రెషర్ దించుతున్నారా, బ్యాటరీ నెగెటివ్ వైరు తీస్తున్నారా గమనించండి. పక్కన వెల్డింగ్ జరుగుతుంటే బండిని దూరంగా పెట్టమని గట్టిగా అడగండి. రేకు ట్యాంకు తుప్పు పట్టి కారుతుంటే "ఖాళీ చేసి వెల్డింగ్ పెట్టేద్దాం" అనేవాళ్లు ఉంటారు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే పేలేది. ట్యాంకు మార్పించండి. విప్పిన పాత పైపు, రింగు మీకు చూపించమని అడిగి తీసుకోండి. మీ కారుకు కంపెనీ ఏదైనా రీకాల్ (లోపం సరిచేయడానికి బండ్లను వెనక్కి పిలవడం) ప్రకటించిందేమో ఛాసిస్ నంబరుతో వాళ్ల వెబ్‌సైట్‌లో చూస్తే ఆ పని ఉచితంగానే అయిపోవచ్చు.

రిపేరు అయ్యాక

వెంటనే పర్‌ఫ్యూమ్ కొట్టకండి, లీకు మిగిలి ఉంటే తెలియకుండా పోతుంది. తడిసిన మ్యాట్లు ఆరుబయట ఎండలో వేయండి. కార్పెట్ మీద వంటసోడా చల్లి ఒక రాత్రి ఉంచి దులపండి. ఏసీ క్యాబిన్ ఫిల్టర్‌కు వాసన పట్టి ఉంటే మార్చండి.

తర్వాత, లోపం బయటపడిన పరిస్థితినే మళ్లీ తెప్పించి చూడాలి. నాది ఫుల్ ట్యాంక్‌లో వచ్చేది కాబట్టి నాజిల్ మొదటిసారి ఆగేవరకు పోయించి, మధ్యాహ్నం రెండు గంటల పాటు ఎండలో పెట్టాను. డోరు తీసి వాసన చూశాను. మర్నాడు పొద్దున, ఆ మర్నాడు సాయంత్రం మళ్లీ చూశాను, అట్ట కూడా పరిచాను. ఎక్కడా మరక లేదు. మూడో రోజు మా అమ్మాయిని పిలిచి, ఏమీ చెప్పకుండా వెనక సీట్లో కూర్చోమన్నాను. ఐదు నిమిషాలు కూర్చుని "ఏసీ వెయ్యి నాన్నా, ఉక్కపోస్తోంది" అంది.